తాడు కోసే పండగ

పిన్నింటి అనే ఇంటిపేరున్న వాళ్ళకి ఒక వింత అలవాటుంది. కాలికి దెబ్బ తగిలినా, నిద్రలో ఉలిక్కిపడినా, బరువెత్తి నడుం పట్టేసినా అందరిలాగే వాళ్ళూ "అమ్మా" అంటారు. అందరూ అంతటితో ఊరుకుంటారు, వీళ్ళు ఊరుకోరు. ఒక్క క్షణం ఆగి, గొంతులోనే, పక్కనుంచి ఎవరో పలికినట్టు "ఊఁ" అంటారు. అన్న సంగతి వాళ్ళకే తెలీదు. కోడళ్ళు మాత్రం కాపరానికొచ్చిన వారానికే కనిపెట్టేస్తారు. "పిలిచేదీ మీరే, పలికేదీ మీరే, ఇంక మజ్జిన మేమెందుకు?" అని వేళాకోళమాడతారు. కొన్నేళ్ళకి తమ కడుపున పుట్టినవాళ్ళు కూడా అలాగే అంటుంటే విని, వేళాకోళం మానేస్తారు.

ఆ ఇంటి పిల్ల సునందకి ఆ అలవాటంటే ప్రాణం. బడిలో వేసిన ఏడాదే తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని రాయగడ వెళ్ళిపోతే, మామ్మ అప్పయ్యమ్మ పెంచింది. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు "అమ్మా" అని మూలిగితే ఎవరో "ఊఁ" అనేవారు. అమ్మే అనుకునేది. అది తన గొంతేనని పెద్దయ్యాక తెలిసింది. తెలిసినా ఆ ఊఁ కోసం ఆగడం మానలేదు. దిక్కులేనివాడికి దేవుడే దిక్కంటారు గానీ, సునందకి ఆ ఊఁ దిక్కు.

ఇలాంటి పిల్ల చదువుకుని గొంతుల మీద పరిశోధన చేసిందంటే ఆశ్చర్యమేముంది? విశాఖపట్నంలో, సముద్రం కనబడే గుట్ట మీద, డాక్టర్ ఇమ్మానుయేలు గారి ప్రయోగశాలలో ఆమెకి ఉద్యోగం. అక్కడ ఒక యంత్రం ఉంది. ఒకే వంశం వాళ్ళమని చెప్పుకునేవాళ్ళని వరసగా కూర్చోబెట్టి, అందరిచేతా ఒకే మాట పలికించి దానికి వినిపిస్తారు. ఎవరికి వారికే ఉన్న తేడాలన్నీ అది తీసి పక్కన పెట్టేస్తుంది. అందరిలోనూ మిగిలిన పోలికని పట్టుకుని, ఆ పోలికతో ఒక గొంతు కడుతుంది. చుట్టరికం నిజమైతే ఎన్నడో పోయిన పెద్దావిడో పెద్దాయనో మాట్లాడినట్టు ఒక గొంతు తేటగా వస్తుంది. అబద్ధమైతే అప్పడాలు నలిపిన చప్పుడొస్తుంది.

దానికి పుస్తకాల్లో పెద్ద పేరే ఉంది. ప్రయోగశాలలో అందరూ పిలిచే పేరు కాకి. పిండం పెట్టాక కాకి ముట్టిందా లేదా అని చూస్తారు కదా, అలాగ. మేం ఫలానా జమీందారు వారసులమని మీసం మెలేస్తూ వచ్చినవాళ్ళు చాలామంది, కాకి ముట్టక, తలవంచుకుని బస్సెక్కారు.

*

సునంద మనసు పడ్డ అబ్బాయి పేరు లంక జోగినాయుడు. ఐటీఐలో వెల్డింగు పాఠాలు చెబుతాడు. మనిషి నిదానం, మాట సూటి. అతనికీ ఒక అలవాటుందని సునంద ఎప్పుడో గమనించింది. చేతికి నిప్పురవ్వ పడితే "అమ్మా" అంటాడు, వెంటనే నాలిక పళ్ళకి తగిలి "త" అని ఒక ముక్క రాలుతుంది. "మీ ఇంట్లో అందరూ అమ్మకి తాళం వేస్తారా?" అని ఏడిపించేది. అతను నవ్వేసేవాడు.

సంబంధం మాట్లాడ్డానికి అప్పయ్యమ్మ ఏరు దాటి లంక వారింటికి వెళ్ళింది. మంచి మనుషులు, మంచి ఇల్లు. టీ తాగింది. పిల్లాడి తల్లితో చింతపండు ధరల గురించి మాట్లాడింది. లేవబోతూ, దేవుడి గూటికి దండం పెట్టుకుందామని వెళ్ళింది. గూటి పక్కన మేకుకి తాటిపళ్ళ గెలలా తాళ్ళ ముక్కలు వేలాడుతున్నాయి. పాతవి నల్లబడి ఉన్నాయి, కొత్తదానికి పసుపు ఇంకా వదల్లేదు.

"ఇయ్యేటమ్మా?" అంది అప్పయ్యమ్మ.

"మా పేరంటాలు తాళ్ళండి. ఏటేటా బిందెలోకి కొత్త తాడు దించి కోస్తాం. మా ఇంటాచారం" అంది జోగినాయుడి తల్లి.

అప్పయ్యమ్మ చెప్పులేసుకోవడం కూడా మరిచిపోయి ఇంటికొచ్చేసింది.

ఎందుకంటే పిన్నింటి వాళ్ళ దేవుడి గూటిలోనూ అవే తాళ్ళు. వాళ్ళ ఊరి చివర నుయ్యి ఉంది, దాన్లో నీళ్ళెవరూ తోడరు. ఎప్పుడో ఆ ఇంటి కోడలు, మొగుడు పాము కరిచి పోతే, పెళ్ళి చీర కట్టుకుని ఆ నూతిలో దిగి ప్రాణం విడిచి, ఊరు కొలిచే పేరంటాలైపోయిందట. ఊరు ఊరంతా చుట్టూ నిలబడి, డప్పులు కొట్టిస్తూ, పొద్దుగూకేదాకా చేతులు జోడించే ఉన్నారట. ఆవిడ ఒక్కగానొక్క కొడుకే తమ మూలపురుషుడని పిన్నింటి వాళ్ళంటారు. మాఘమాసంలో ఆవిడ పండగ. కొత్త చేంతాడు నూతిలోకి నీళ్ళు తగిలేదాకా దించి, ఇంటి పెద్దమగాడు గట్టు మీదే దాన్ని కత్తితో తెగ్గోస్తాడు. కింది ముక్క నూతికి, పై ముక్క గూటికి. "పుణ్యలోకానికెల్లిపోయిన తల్లిని వెనక్కి లాగకూడదు, అందుకే తాడు కోస్తాం" అని పెద్దలు చెప్పే అర్థం.

లంక వాళ్ళ కథలో నుయ్యి లేదు, బిందె ఉంది. వాళ్ళ మూలపురుషుణ్ణి మేనమామ చంకనెత్తుకుని ఏరు దాటించాడట. అతను కూడా ఒక పేరంటాలికి ఒక్కగానొక్క కొడుకే.

"ఒకే తల్లి బిడ్డలైతే ఇంటిపేర్లు ఏటైతేనేటి? అన్నా సెల్లెలి వరస" అన్నాడు చినతాత సన్నాసినాయుడు. అప్పయ్యమ్మకి మరిది, ఇప్పుడు ఇంటికి పెద్ద. తాడు కోసేది ఆయనే.

"ఎన్ని తరాల కిందటి మాట చినతాతా! నిజమో కాదో కూడా తెలీదు" అంది సునంద.

"తెల్దు. మరి తెలుసుకో. నీ కాకి ఉంది కదా? అది ముట్టకపోతే నాను సేతులారా కన్యాదానం సేస్తాను. ముట్టిందా, ఆ గుంటడికి రాకీ కట్టు."

నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు వెనక మాట మారదని సునందకి తెలుసు. పారిపోయి పెళ్ళి చేసుకోవచ్చు. కానీ మామ్మ ఉంది. మామ్మని కాదని ఎక్కడికీ వెళ్ళడం సునంద వల్ల కాదు.

*

"నీ సొంత విషయంలో నువ్వే తీర్పరివా?" అన్నారు ఇమ్మానుయేలు గారు. "దొంగ చేతికే తాళాలిచ్చినట్టు."

"మీరు పక్కన ఉంటారుగా సార్."

పలికించే మాటగా "అమ్మా" ఎంచుకున్నారు. బోసినోటి ముసలివాళ్ళకీ, మాటలు రాని పసివాళ్ళకీ వచ్చే మాట అదొకటే. అయితే కుర్చీలో కూర్చోబెట్టి అనమంటే ఎవరూ సహజంగా అనలేదు, హారతి పాటలా సాగదీశారు. దాంతో సునంద రెండు ఊళ్ళకీ వెళ్ళి, రికార్డర్లు ఇళ్ళల్లో పెట్టి వచ్చింది. కాళ్ళకి గుమ్మాలు తగిలినప్పుడు, పొయ్యి చురక్కుమన్నప్పుడు, నిద్రలో కలవరించినప్పుడు వచ్చిన "అమ్మా"లన్నీ పోగేసింది.

మొదట పిన్నింటి వాళ్ళని ఒక్కళ్ళనే కాకికి పెట్టారు. తేటగా గొంతొచ్చింది. ఎప్పుడూ వచ్చే ముసలి గొంతు కాదు. నాలుగైదేళ్ళ పిల్లాడి గొంతు.

"అమ్మా."

తరవాత, కింద ఎక్కడినుంచో, "ఊఁ."

ఆ ఊఁ పిల్లాడిది కాదు. ఆడమనిషిది.

లంక వాళ్ళని పెట్టారు. ఇంకో పిల్లాడు, కొంచెం చిన్నవాడు. "అమ్మా." తరవాత బరబరమని చప్పుడు, దాన్లో ఒక "త".

ఇమ్మానుయేలు గారు రెండు వంశాల్నీ కలిపి మీట నొక్కారు. అప్పడాలు నలిగే చప్పుడు రావాలని సునంద మనసులో మొక్కుకుంది. రాలేదు. గది మారిపోయినట్టయింది. ఏసీ చప్పుడు వెనక్కి పోయింది. నాచు పట్టిన రాళ్ళ మధ్య గాలి ఎలా ఉంటుందో అలాంటి చల్లటి బోలు చప్పుడు స్పీకర్లలోంచి వచ్చింది.

"అమ్మా" అన్నారు ఇద్దరు పిల్లలూ ఒకేసారి.

"ఊఁ" అంది కిందనుంచి ఆవిడ. ఆగింది. నీళ్ళు కదిలాయి. "తాడు."

అంతే, గొంతు ఆగిపోయింది.

ఇమ్మానుయేలు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇన్నాళ్ళూ ఇది గొంతుల పోలిక పడుతుందనుకున్నాం సునందా. ఇది పట్టింది గొంతు కాదు, చెవి. ఆ పిల్లలు గట్టు మీద నిలబడి ఏం విన్నారో అదే వాళ్ళ పిలుపులో కలిసిపోయింది. వాళ్ళ పిల్లలు వాళ్ళని చూసి నేర్చుకున్నారు. మీరంతా ఇప్పటికీ..."

"ఆవిడ బతికే ఉంది" అంది సునంద. "వాళ్ళు దండాలు పెడుతున్నప్పుడు ఆవిడ లోపల బతికే ఉంది సార్. తాడు అడిగింది."

"డప్పుల్లో వినబడలేదేమో."

"గట్టు మీదున్న పిల్లలకి వినబడింది."

ఏడుపు తన్నుకొచ్చింది. చిన్నప్పటినుంచీ తనని జోకొట్టిన ఊఁ ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. నీళ్ళల్లో రాళ్ళు పట్టుకుని వేలాడుతూ, పిల్లలు బెంగపడతారని పలికిన ఊఁ అది.

"మరి చుట్టరికం?" అంది కళ్ళు తుడుచుకుని.

"రుజువు కాలేదు. ఒకే మనిషి మాట ఇద్దరూ విన్నారని తెలిసింది. ఇద్దర్నీ ఆవిడే కన్నదని తెలీలేదు. పక్కింటి పిల్లాడైనా అమ్మా అంటాడు కదా. పోయినేడాది పరీక్షకొచ్చినవాళ్ళలో ఒకడు పెంపుడు కొడుకని తేలినా కాకి ముట్టింది, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "కానీ మీ చినతాతకి ఈ తేడా చెప్పు చూద్దాం."

చెప్పినా ఆయన ఒప్పుకోడని ఇద్దరికీ తెలుసు. ఈ చప్పుడు వింటే చినతాత ఒకటే అంటాడు, కాకి ముట్టింది. వినిపించకపోతే పెళ్ళి జరిగిపోతుంది. ముట్టలేదని ఒక్క మాటంటే చాలు.

జోగినాయుడికి సముద్రం ఒడ్డున అంతా చెప్పింది. అతను ఇసక తవ్వుతూ విన్నాడు.

"నువ్వు ఏది చెప్పినా నాకు సరే. నాతో మాత్రం అబద్ధం చెప్పకు" అన్నాడు. చేతులకంటిన ఇసక దులుపుకుని, "మా బిందెలో తాడు కోసేది నేనే సునందా, మూడేళ్ళ నుంచి. మా నాన్నకి చెయ్యి వణుకు" అన్నాడు. తరవాత తన చేతుల కేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

*

మాఘమాసంలో పండగ వచ్చింది. తీర్పు వినడానికి లంక వాళ్ళు కూడా ఏరు దాటి వచ్చారు. పులిహోర గుండిగలు, డప్పులు, కొత్త చీరల వాసన. మిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా ఆ నూతి చుట్టూ చల్లగా ఉంది.

ముట్టలేదని చెబుదామనే సునంద వచ్చింది. ఆ మాటని దారి పొడుగునా అప్పజెప్పుకుంటూ వచ్చింది. స్పీకరు సంచిలోనే ఉంది, కానీ తియ్యకూడదనుకుంది. పోయినావిడ ఎలాగూ పోయింది, బతికున్నవాళ్ళం బతకాలి కదా అనుకుంది.

చినతాత పసుపు రాసిన చేంతాడు దించాడు. నీళ్ళు తగిలిన చప్పుడైంది. డప్పులు ఊపందుకున్నాయి. ఊరంతా చేతులు జోడించింది. ఆయన గట్టు రాతి మీద తాడుని అదిమిపెట్టి కత్తి ఎత్తాడు.

అప్పుడు జనంలో ఎవరో ఒక పిల్ల కాలు తొక్కారు. "అమ్మా" అందా పిల్ల. ఒక్క క్షణం ఆగి, తనకి తెలీకుండానే, "ఊఁ."

సునంద వెళ్ళి చినతాత మణికట్టు పట్టుకుంది.

"డప్పులు ఆపమను" అంది.

"ఏటే ఇది, పండగపూట?"

"ఆపమను చినతాతా. ఒక్కసారి డప్పుల్లేకుండా విను."

డప్పులాగాయి. సునంద స్పీకరు గట్టు మీద పెట్టింది. ఇద్దరు పిల్లలు పిలిచారు. కిందనుంచి ఆవిడ పలికింది. నీళ్ళు కదిలాయి. తాడు అడిగింది.

అది యంత్రమని ఎవరికీ గుర్తులేదు. ఆ ఊఁ ప్రతి ఒక్కరి ఇంట్లోదీ, ప్రతి ఒక్కరి నోట్లోదీ. చినతాత తన చేతిలో కత్తి కేసి చూసుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి చేతిలో, తాత చేతిలో చూసిన కత్తి అది. ఆయన మొహం పిండేసిన బట్టలా అయిపోయింది. "మా తాత సెప్పింది... లాగకూడదనీ..." అని ఏదో అనబోయి, గట్టు మీదే కూలబడిపోయాడు.

"కాకి ముట్టిందన్నమాట" అన్నారెవరో లంక వాళ్ళ వైపునుంచి. సునంద జోగినాయుడి కేసి చూసింది. అతను కళ్ళు దించుకోలేదు.

అప్పయ్యమ్మ ముందుకొచ్చింది. కత్తి తీసి నూతిలో పడేసింది. "ముట్టిందో ముట్టనేదో తరవాత సూద్దారి. ముందు తాడట్టుకోండర్రా" అంది.

లంక వాళ్ళు, పిన్నింటి వాళ్ళు, పెద్దకోడళ్ళు, డప్పులవాళ్ళు, ఎవరి చేతికి అందినంత తాడు వాళ్ళు పట్టుకున్నారు. పొద్దుగూకేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపని అప్పయ్యమ్మ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఎండ పడమటికి వాలాక, "ఇక లాగండి" అంది.

తాడు తేలిగ్గానే వచ్చింది. బరువేమీ లేదు. చివర పైకొచ్చాక చూశారు. దించినప్పుడు అది మొండి తాడు. ఇప్పుడు దాని కొసన ముడి ఉంది. నడుం చుట్టూ కట్టుకుంటే పడే ముడి, వదులుగా, లోపల ఎవరూ లేకుండా.

దాన్ని విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు.

*

ఆ తరవాత జరిగింది ఇమ్మానుయేలు గారికి ఇప్పటికీ మింగుడుపడదు. వ్యాసం పంపేముందు ఇంకోసారి సరిచూద్దామని రెండు ఊళ్ళలోనూ మళ్ళీ రికార్డర్లు పెట్టించారు. గుమ్మాలు తగిలాయి, పొయ్యిలు చురక్కుమన్నాయి, జనం "అమ్మా" అన్నారు. అందరిలాగే అని ఊరుకున్నారు. ఊఁ లేదు, త లేదు. పండగకి రానివాళ్ళు, సూరత్‌లో మరమగ్గాల దగ్గరున్నవాళ్ళు, వాళ్ళ నోట కూడా లేదు. రెండు వంశాల్నీ కలిపి పెడితే కాకి అప్పడాలు నలిపింది.

"పాత రికార్డులున్నాయిగా సార్" అంది సునంద.

"ఉన్నాయి. మళ్ళీ చేసి చూపించలేనిదాన్ని రుజువంటే నన్ను చూసి నవ్వుతారమ్మా" అన్నారాయన దిగులుగా.

చినతాతకి ఆ సంగతే చెప్పింది. ఒక్క అబద్ధమూ కలపలేదు, ముందు ముట్టింది, ఇప్పుడు ముట్టలేదు అంది. ఆ పండగ తరవాత ఆయన బాగా పెద్దవాడైపోయాడు.

"ఆ తల్లి మన్ని వొదిలీసిందే" అన్నాడు. "మనం ఒకటో కాదో సెప్పే మనిసి ఎల్లిపోయింది. ఇంక అడ్డెట్టడానికి నానెవుడ్ని?"

కన్యాదానం ఆయనే చేశాడు. పెళ్ళిలో రెండు వైపులవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు అదోలా చూసుకున్నారు, తోడబుట్టినవాళ్ళలా, కాదేమోనన్నట్టు కూడా. అప్పయ్యమ్మ మాత్రం కడుపునిండా నవ్వింది.

గాజువాకలో చిన్న వాటాలో కాపరం పెట్టారు. ఒక ఆదివారం జోగినాయుడు బయట మెట్ల మీద కూర్చుని సైకిలు బాగుచేస్తున్నాడు. సునంద వంటింట్లో గ్యాసు బండ జరుపుతుంటే అది జారి కాలి బొటనవేలి మీద పడింది. ప్రాణం జివ్వుమంది.

"అమ్మా!"

అని, ఎప్పటిలాగే ఆగింది.

కుళాయిలోంచి చుక్క పడింది. పక్క వాటాలో ఎవరో తలుపేసుకున్నారు. తను కోరుకున్నదంతా ఆ ఇంట్లో ఉంది, తెచ్చుకున్నదీ తనే, ఆ ఊఁని పోగొట్టుకున్నదీ తనే. వేలు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయి, తప్పని తెలిసీ, ఇంకోసారి మెల్లగా పిలిచింది. ఎవరూ పలకలేదు.

ఊఁలన్నీ అయిపోయాక ఆ నూతి గట్టు మీద పిల్లలకి ఏం వినబడిందో ఆమెకి అప్పుడు తెలిసింది.